కారు అడుగు రేకుకు తుప్పు: అపోహలు - వాస్తవాలు

మా షెడ్డుకు వచ్చే పాత పద్మినీలు, అంబాసిడర్లు, మారుతీ 800లలో పైన పెయింటు మెరుస్తున్నా, మ్యాటు ఎత్తి చూస్తే డ్రైవరు కాళ్ల దగ్గర కింది నేల కనిపించేవి చాలానే ఉంటాయి. యజమానులు మళ్లీ మళ్లీ చెప్పే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: హైదరాబాదుకు సముద్రం లేదు కనుక ఇక్కడి కార్లకు తుప్పు భయం లేదు.

వాస్తవం: ఉప్పు గాలి తుప్పును వేగంగా పెంచుతుందనే మాట నిజమే, కానీ ఇనుము తుప్పు పట్టడానికి తేమ, గాలి ఉంటే చాలు. ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఎండకు పగిలినా, ఏసీ నీరు బయటకు పోయే గొట్టం మూసుకుపోయినా, ఆ నీరు మ్యాటు కింది ఫెల్టులో ఇంకి నెలల తరబడి ఆరదు. అందువల్ల అడుగు రేకును తుప్పు చాలాసార్లు లోపలి వైపు నుంచే తినేస్తుంది. నీరు వచ్చే దారిని ముందుగా మూయకుండా వేసిన కొత్త రేకుకూ అదే గతి పడుతుంది.

అపోహ: చిల్లు మీద రేకు ముక్క పెట్టి, రివెట్లు కొట్టి, పైన లప్పం పూస్తే సరిపోతుంది.

వాస్తవం: నేను ఎక్కువగా బాధపడేది ఈ పని చూసినప్పుడే. పైన చెప్పిన మూడు కార్లకూ విడిగా చాసిస్, అంటే బాడీని మోసే వేరే ఇనుప చట్రం, ఉండదు. అడుగు రేకు, తలుపుల కింది సిల్లులు, అడ్డ పట్టీలు కలిసే బండి బరువును మోస్తాయి, సీట్ల బోల్టులు కూడా ఆ అడుగు భాగానికే బిగిసి ఉంటాయి. రివెట్ల అతుకు ఆ బలాన్ని తిరిగి ఇవ్వదు, పైగా రెండు రేకుల మధ్య సందులో నీరు నిలిచి తుప్పు కనబడకుండా పెరుగుతుంది. స్క్రూడ్రైవరుతో చిల్లు చుట్టూ పొడుస్తూ వెళితే రూపాయి బిళ్లంత కనిపించింది అరచేయంత కావచ్చు; గట్టి రేకు తగిలేదాకా కోయక తప్పదు. కోసే ముందు బాడీని సమంగా స్టాండ్ల మీద నిలిపి, తలుపు చట్రాలకు అడ్డంగా ఊత పట్టీలు వెల్డు చేసి, ఒక్కో వైపే పని చేయాలి. తొలి రోజుల్లో నేను రెండు వైపులా ఒకేసారి కోసిన ఒక కారుకు తలుపులు సరిగా మూసుకోలేదు, వాటిని సరిచేయడానికి రేకు పని కన్నా ఎక్కువ రోజులు పట్టింది.

అపోహ: మందమైన ప్లేటు వేస్తే ఎక్కువ బలం.

వాస్తవం: పాత రేకుకు దగ్గరగా ఉండే 18 లేదా 20 గేజి, అంటే సుమారు 1.2 లేదా 0.9 మిల్లీమీటర్ల రేకు చాలు. 3 మిల్లీమీటర్ల ప్లేటు కరగడానికి కావలసిన వేడికి పక్కనున్న పలుచని రేకు కాలి చిల్లు పడుతుంది. సీఓటూ వెల్డింగుతో (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగ కరిగించి అతికే పద్ధతి) దూరదూరంగా చిన్న చిన్న టాకాలు (చుక్కల్లాంటి అతుకులు) వేస్తూ, మధ్యలో చల్లారనిస్తే రేకు వంకర పోదు. జీఐ రేకు (జింకు పూత పూసిన ఇనుప రేకు) వాడితే వెల్డు చేసే చోట జింకు పూతను గీకేయాలి, దాని పొగ పీల్చిన మనిషికి జ్వరం వస్తుంది. కింది నుంచి వెళ్లే పెట్రోలు, బ్రేకు గొట్టాలను ముందే విప్పి, బ్యాటరీ తీయాలి.

అపోహ: రస్ట్ కన్వర్టరు (తుప్పును గట్టి పొరగా మార్చే రసాయనం) పూసి, నల్ల అండర్‌కోటింగ్ (కారు అడుగున కొట్టే రక్షణ పూత) కొడితే తుప్పు ఆగిపోతుంది.

వాస్తవం: కన్వర్టరు పైపొర తుప్పుకు మాత్రమే పనికివస్తుంది, పొరలుగా ఊడే తుప్పు లోపలికి అది చేరదు. దాని మీద కొట్టిన అండర్‌కోటింగ్ తేమను లోపలే బంధిస్తుంది. వెల్డింగు అయ్యాక అతుకుల్లో సీలరు, దానిపై ప్రైమరు, పెయింటు వేసి, సిల్లుల్లాంటి మూసి ఉన్న బోలు భాగాల్లోకి మైనం స్ప్రే చేస్తాం. ఆ తర్వాత పైపుతో అద్దం మీదా, తలుపుల మీదా బాగా నీళ్లు పోసి, లోపల చేత్తో తడిమి పొడిగా ఉందని తేలాకనే మ్యాటు పరుస్తాం.