అద్దంతో పోట్లాడే నెమలి: అపోహలు - వాస్తవాలు

ఏప్రిల్ వచ్చిందంటే అనంతపురం, కడప, కర్నూలు పల్లెల్లో ఒకే రకం ఫిర్యాదులు మొదలవుతాయి. కారు తలుపు నిండా గీతలు పడ్డాయని ఒకరంటారు. బడి ఆవరణలో పిల్లల మీదికి నెమలి ఎగిరిందని ఇంకొకరు, చీనీ తోటకు నీళ్లు కట్టడానికి పోతే వెంటపడిందని మరొకరు చెబుతారు. ఆ కోపం ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే నెమలి ఎలా జతకడుతుందో తెలియాలి. అక్కడే అపోహలు ఎక్కువ.

అపోహ: మనిషి మీదికో, కారు మీదికో వచ్చే నెమలికి పిచ్చి పట్టినట్టే.

వాస్తవం: దక్షిణాదిన నెమళ్లు జతకట్టేది ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో. పగటి పొద్దు పెరిగేకొద్దీ పోతు నెమలి ఒంట్లో మగ హార్మోన్లు పెరుగుతాయి. వంక ఒడ్డున చదును నేలో, పాత కళ్లమో, తోట మధ్య బాటో ఏదో ఒక చిన్న జాగా ఎంచుకుని, ఆ కాలమంతా అక్కడే పురి విప్పుతుంది. మరో పోతు ఆ జాగాలోకి వస్తే ఊరుకోదు. రెండూ పక్కపక్కగా నడుస్తూ చుట్టూ తిరుగుతాయి, ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి కాళ్లతో తన్నుకుంటాయి. కాలి వెనక అంగుళం దాకా పొడవుండే ముల్లే వాటి ఆయుధం.

కారు తలుపులోనో కిటికీ అద్దంలోనో కనిపించే తన నీడ దానికి ఇంకో పోతు. నిజమైన పోతయితే ఓడినప్పుడు పారిపోతుంది. అద్దంలోది పారిపోదు, ఎంత తన్నితే అంత తిరిగి తంతున్నట్టు కనిపిస్తుంది. అందుకే గంటల కొద్దీ పోరాడుతుంది, ముక్కు నెత్తురు కారినా ఆపదు.

చేయాల్సిన పని నీడ కనిపించకుండా చేయడం. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది: కిటికీకి లోపల పరదా వేస్తారు. లోపల చీకటయ్యేకొద్దీ బయటినుంచి అద్దంలో నీడ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పూత బయటి వైపే పడాలి. ముగ్గుపిండిని నీళ్లలో చిక్కగా కలిపి గానీ, సబ్బు నురుగు గానీ అద్దానికి బయట పూసి ఆరనివ్వండి. నేలనుంచి నాలుగడుగుల ఎత్తు దాకా పూస్తే సాధారణంగా చాలు, కానీ ఎదురుగా పిట్టగోడ గానీ అరుగు గానీ ఉంటే అది ఎక్కి చూస్తుంది కాబట్టి పైదాకా పూయాలి. వాన పడితే మళ్లీ పూయాలి. కారుకు మెరవని గుడ్డ కవరు వేయండి, అంచులు కింద కట్టేయండి. పక్క అద్దాలు మడిచి గుడ్డ సంచి తొడగండి. నల్ల కార్లు, కొత్తగా పాలిష్ చేసినవి అద్దంలాగే పనిచేస్తాయి. వాకిట్లో తోమి బోర్లించిన స్టీలు బిందెలు కూడా అంతే. రెండు రోజులకే పూత కడిగేస్తే నెమలి తిరిగొస్తుంది. పింఛం ఈకలు రాలడం మొదలయ్యేదాకా ఉంచాలి.

అపోహ: రోజూ గింజలు వేసి మచ్చిక చేసుకుంటే నెమలి సాధువవుతుంది.

వాస్తవం: మనుషుల మీదికి వచ్చే పోతుల్లో ఎక్కువ ఇలా తయారైనవే. అడవిలో పెరిగిన నెమలి మనిషి అలికిడికే తప్పుకుంటుంది. చేతి మేతకు అలవాటు పడినదానికి ఆ భయం పోతుంది. కోడి కింద గుడ్లు పొదిగించి ఇంట్లో పెంచినదైతే మనిషినే తన జాతిగా అనుకుంటుంది. పసితనంలో అది ముద్దుగానే ఉంటుంది. మూడు, నాలుగేళ్లకు పింఛం పూర్తిగా వచ్చేసరికి, తనకు గింజలు వేసిన మనిషే దానికి పోటీ పోతు అవుతాడు. అదే ముద్దు చేసినవాళ్లకు ఎక్కువ బాధ కలిగించే సంగతి.

మీదికొచ్చే ముందు సూచనలుంటాయి. పింఛం ముడిచి, తల వంచి, రెక్కలు కొంచెం జార్చి, పక్కగా నడుస్తూ మీ చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. అప్పుడు వెన్ను చూపి పరుగెత్తితే వెంటపడుతుంది. చేతిలో గొడుగుంటే తెరిచి అడ్డం పెట్టండి. చేట అయినా, రెండు చేతులతో పట్టుకున్న గోనెపట్ట అయినా పనికొస్తుంది. దానివైపే చూస్తూ మెల్లగా వెనక్కి నడిచి తలుపు చాటుకో గేటు అవతలికో చేరుకోండి. కట్టెతో కొడితే మీరు పోటీ పోతని దానికి ఇంకా గట్టిగా నమ్మకం కలుగుతుంది, రేపు మళ్లీ వస్తుంది. పెద్దవాళ్లకు దెబ్బ తగిలేది తొడకో చేతికో. చిన్నపిల్లలకైతే అదే ఎత్తులో కళ్లుంటాయి కాబట్టి జతకట్టే కాలమంతా వాళ్లను ఒంటరిగా పంపకండి.

మేత ఆపడం ఒక్క ఇల్లు చేస్తే సరిపోదు. పక్కింటివాళ్లు, గుడి దగ్గర గింజలు చల్లేవాళ్లు అందరూ ఒకే రోజు ఆపాలి. మధ్యలో ఒకరు కరుణించి గుప్పెడు జొన్నలు వేస్తే అలవాటు మళ్లీ మొదటికొస్తుంది. కొన్ని వారాలు ఓపిక పట్టాలి. అప్పటికీ మానకపోతే అటవీ రేంజ్ కార్యాలయానికి చెప్పండి. మీరే పట్టి సంచిలో వేసుకుని కొండల్లో వదిలిరావడం చట్టం ప్రకారం వేట కిందికే వస్తుంది.

అపోహ: నెమలి రక్కితే కుక్క కరిచినట్టే రేబిస్ సూదులు వేయించుకోవాలి.

వాస్తవం: రేబిస్ పాలిచ్చే జంతువులనుంచి వచ్చే జబ్బు, పక్షులనుంచి రాదు. నెమలి గాయంతో భయపడాల్సింది ధనుర్వాతానికి. ముల్లు గుచ్చుకుంటే పైకి చిన్నగా, లోపల లోతుగా ఉంటుంది, దానికి మట్టి కూడా అంటుకుని ఉంటుంది. సబ్బుతో, పారే నీళ్లతో బాగా కడిగి అదే రోజు టీటీ కోసం ఆస్పత్రికి పోండి. కంటికి తగిలితే కడుగుతూ కూర్చోకుండా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

అపోహ: మగ నెమలి కన్నీరు తాగితే పెట్టకు గుడ్లు వస్తాయి. నెమలి బ్రహ్మచారి.

వాస్తవం: 2017లో రాజస్థాన్ హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఇదే మాట అనడంతో దేశమంతా చర్చ జరిగింది. నెమలి కోడిలాగే జతకడుతుంది. పోతు పెట్ట మీదికెక్కి, రెండింటి గుద ద్వారాలూ కొన్ని క్షణాలు తాకితే వీర్యం చేరుతుంది. అది క్షణాల్లో, తరచుగా పొదల చాటున అయిపోతుంది కాబట్టి చాలామంది చూసి ఉండరు. బ్రహ్మచర్యం మాట అటుంచి, ఒక పోతు ఒకే కాలంలో అనేక పెట్టలతో కలుస్తుంది. పెట్టలే పోతుల జాగాలకు వచ్చి చూసి ఎంచుకుంటాయి. పురి విప్పినప్పుడు పోతు ఈకలను సెకనుకు పాతిక సార్లదాకా వణికిస్తుంది. గలగలమనే ఆ చప్పుడు అందుకే.

జతకట్టాక పోతుకు సంసారంతో పనిలేదు. గూడు, పొదుగు, పిల్లల పెంపకం అన్నీ పెట్టవే. రేగు కంప కిందో, కిత్తనార వరుసలోనో, సర్కారు తుమ్మ పొదలోనో నేలలో చిన్న గుంట చేసి, 4 నుంచి 8 గుడ్లు పెట్టి, 28 నుంచి 30 రోజులు పొదుగుతుంది. కొన్ని గూళ్లు బుడ్డల చేలలో, కంది చేలలో కూడా పడతాయి.

అపోహ: నెమలి ఆడితే వాన వస్తుంది.

వాస్తవం: వాన చుక్క లేని ఏప్రిల్ ఎండల్లోనూ ఆడుతుంది. మబ్బు పట్టినప్పుడు ఎక్కువ ఆడటం, అరవడం నిజమే. జతకట్టే కాలం వానలకు కాస్త ముందే రావడంలో లాభముంది: గుడ్లు పొదిగి పిల్లలు బయటికొచ్చేసరికి తొలకరి పడితే మిడతలు, చెదపురుగులు దొరుకుతాయి. పిల్లలు బతికేది ఆ పురుగుల మీదే.

అపోహ: పొడుగు తోక లేనిదల్లా ఆడదే.

వాస్తవం: పింఛం అసలు తోక కాదు, తోక పైన పెరిగే ఈకలు. అసలు తోక దాని వెనక పొట్టిగా ఉంటుంది, పురి విప్పినప్పుడు పింఛాన్ని నిలబెట్టేది అదే. ఏడాది వయసు పోతు పెట్టలాగే కనిపిస్తుంది. రెక్క విప్పినప్పుడు పెద్ద ఈకలు ఎర్రటి ఇటుక రంగులో ఉంటే పోతు. జతకట్టే కాలం ముగిశాక పెద్ద పోతుల పింఛం కూడా రాలిపోతుంది. ఆగస్టునుంచి ఈకలు రాలడం, కోపం తగ్గడం రెండూ కలిసే జరుగుతాయి. రాలిన ఈకలు ఏరుకోవచ్చు, విదేశాలకు పంపకూడదు. పీకిన ఈకకు మొదలు దగ్గర నెత్తురు, కండ అంటుకుని ఉంటాయి, తనిఖీలో చూసేది దాన్నే.

అపోహ: వీడియోల్లో చూపించినట్టు గుడ్లు తెచ్చి కోడి కింద పొదిగించి పెంచుకోవచ్చు.

వాస్తవం: ఆ వీడియోలు విదేశాలవి. అక్కడ చాలా దేశాల్లో నెమళ్లను పెంచుకోవడం చట్టబద్ధం. మన దగ్గర నెమలి 1963నుంచి జాతీయ పక్షి, 1972 వన్యప్రాణి చట్టంలో గట్టి రక్షణ ఉన్న జాబితా అయిన మొదటి షెడ్యూలులో ఉంది. గుడ్లను, గూటిని కదిలించడం కూడా వేటే. శిక్ష మూడేళ్లనుంచి ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా. నెమళ్లను చంపడానికి విత్తనానికి విషం కలిపి చేలో చల్లేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

చట్టం సంగతి పక్కన పెట్టినా పిల్లలు బతకడం కష్టం. కోళ్ల కడుపులోని ఒక రకం పురుగు గుడ్ల ద్వారా బ్లాక్‌హెడ్ అనే జబ్బు వ్యాపిస్తుంది. కోడి దాన్ని చాలావరకు తట్టుకుంటుంది, నెమలి పిల్ల కాలేయం దెబ్బతిని చనిపోతుంది. రెట్ట గంధకం రంగులో పసుపుగా పడటం దాని గుర్తు.

చేలో గూడు కనబడితే గుడ్లు ముట్టకండి. చుట్టూ మూడు, నాలుగు మీటర్లు వదిలేసి మిగతా కలుపు తీయండి, గుంటక తోలండి. గుర్తుకు కర్ర పాతాలంటే గూటి పక్కన కాకుండా వదిలిన జాగా అంచున పాతండి, దగ్గరగా పాతితే కాకులకూ కుక్కలకూ దారి చూపినట్టవుతుంది. మనుషులు దూరం పోయాక పెట్ట తిరిగొస్తుంది. పిల్లలు గుడ్డులోనుంచి బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే తల్లి వెంట గూడు వదిలిపోతాయి. ఆ తర్వాత ఆ జాగాలో గుంటక తోలుకోవచ్చు.