పాముల్ని తినే పామును పెంచాలంటే

కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌ను మొదటిసారి చూస్తే మనవాళ్లకు గుండె జల్లుమంటుంది. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలతో అచ్చం కట్లపాములా ఉంటుంది మరి. కానీ దీనికి విషం లేదు, కట్లపాముతో దగ్గరి చుట్టరికమూ లేదు. అలాగని మన ఊళ్లో పట్టీల పాము కనిపిస్తే ఇదే అనుకుని చెయ్యి పెట్టొద్దు. అక్కడ ఉండేది కట్లపామే కావచ్చు.

అమెరికా పశ్చిమ ప్రాంతంలోనూ ఉత్తర మెక్సికోలోనూ తిరిగే ఈ పాము ఎలుకల్ని, బల్లుల్ని, పక్షి గుడ్లను తింటుంది. వాటితోపాటు సాటి పాముల్నీ తింటుంది. తోకతో గిలక్కాయలా చప్పుడు చేసే విషపాము రాటిల్‌స్నేక్ విషం కూడా దీన్ని పెద్దగా ఏమీ చేయలేదు. తనకన్నా పొడవైన పామును సైతం చుట్టేసి, ఊపిరాడకుండా నొక్కి మింగగలదు. మింగిన పామును వంపులు వంపులుగా మడిచి పొట్టలో సర్దుకుంటుంది.

ఇంట్లో పెంచేవాళ్లు ఈ ఆకలినే ముందు అర్థం చేసుకోవాలి. ఒక ట్యాంక్‌లో ఒకటే పాము ఉండాలి. తోడుంటుంది కదా అని రెండింటిని కలిపి పెడితే, అవి ఒక తల్లి గుడ్లలోంచి వచ్చినవే అయినా, ఏదో ఒకరోజు ఒక్కటే మిగులుతుంది.

పిల్ల పాముకు వారానికోసారి, అప్పుడే పుట్టిన ఎలుకపిల్ల ఒకటి చాలు. పెద్దదానికి పది, పద్నాలుగు రోజులకు ఒక పెద్ద ఎలుక. పాము ఒళ్లు లావుగా ఉన్నచోట ఎంత మందం ఉందో ఎలుకా దాదాపు అంతే ఉండాలి. ఎప్పుడు పెట్టినా కింగ్‌స్నేక్ తింటుంది కాబట్టి, ఆకలేస్తోందేమో పాపం అని పెడుతూ పోతే లావెక్కి జబ్బున పడుతుంది.

బతికున్న ఎలుకను వదలడం నాకు అస్సలు నచ్చదు. ఎలుకకు అది నరకం, పైగా అది తిరగబడి కరిస్తే పాముకూ గాయాలే. చంపి గడ్డకట్టించిన ఎలుకలు దొరుకుతాయి. రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు కవర్‌తో సహా గోరువెచ్చని నీళ్లలో వేయాలి. లోపలి మంచు పూర్తిగా కరిగాక పొడవాటి పట్టకారుతో అందించాలి. పాము ఒక్క ఉదుటున పట్టుకుని, చచ్చిన ఎలుకనే మెలికలు వేసి గట్టిగా నొక్కుతుంది. కాసేపటికి పట్టు సడలించి, నాలుక ఆడిస్తూ తల ఎటుందో వెతికి, ఎక్కువగా అటునుంచే మింగుతుంది. చూడటానికి ఎంత బాగుంటుందో! చేతికి ఎలుక వాసన ఉంటే మాత్రం వేలు కూడా తిండే అనుకుంటుంది. అందుకే దాన్ని ఎత్తుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తర్వాత కూడా కడుక్కోవాలి, ఎందుకంటే పాముల ఒంటి మీద మనకు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. తిన్నాక రెండు రోజులు కదిలించకూడదు, కదిలిస్తే కక్కేస్తుంది.

తిన్నది అరగాలంటే వేడి కావాలి. ట్యాంక్‌లో ఒకవైపు 30 డిగ్రీలు, మరోవైపు 24 డిగ్రీల దాకా ఉంటే ఎక్కడుండాలో పామే చూసుకుంటుంది. హీటర్‌కు వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి. రెండు వైపులా దాక్కోవడానికి చోటు, ఓ గిన్నెలో మంచినీళ్లు ఉండాలి. పాలు వద్దు, ఏ పాముకైనా సరే. కళ్లు నీలంగా మసకబారాయంటే కుబుసం విడిచే సమయం దగ్గరపడిందన్నమాట. అప్పుడు తడి నాచు పెట్టిన డబ్బా ఒకటి లోపల ఉంచి, పాము జోలికి వెళ్లకుండా వదిలేయాలి.

ఇక మూత. తల పట్టే సందు దొరికితే చాలు, కింగ్‌స్నేక్ బయటపడుతుంది. స్పెయిన్‌కు చెందిన గ్రాన్ కనారియా దీవిలో అసలు పాములే ఉండేవి కావు. పెంపుడు కింగ్‌స్నేక్‌లు తప్పించుకునో, ఎవరో వదిలేస్తేనో అక్కడ స్థిరపడి పెరిగిపోయాయి. అవి చేరిన చోట్ల, ఆ దీవికే సొంతమైన పెద్ద బల్లుల సంఖ్య 90 శాతానికి పైగా పడిపోయిందని 2021లో వచ్చిన అధ్యయనం తేల్చింది. కాబట్టి ట్యాంక్‌కు తాళం వేయండి. ఇది 15, 20 ఏళ్లు బతికే జీవి. మధ్యలో పెంచలేని పరిస్థితి వస్తే పాముల్ని చేరదీసే సంస్థకు అప్పగించండి, పొదల్లో మాత్రం వదలొద్దు.