ఇంట్లో ఫోటోగ్రఫీ: కిటికీ, ఎండ, పసుపు గురించి కొన్ని అపోహలు – వాస్తవాలు

వస్తువుల ఫోటోలు తీయడం నా వృత్తి. సెలవు రోజుల్లో ఇంటి దగ్గరే ఏదైనా ప్రయత్నిద్దామనుకునే ఔత్సాహికులకు నాకు తెలిసిన మెలకువలు చెబుతుంటాను. వారు అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఏ ఫోను కొనాలి, ఏ లైటు తెప్పించుకోవాలి అన్నవే. తమ ఇంట్లోకి వెలుగు ఎటునుంచి, ఏ వేళలో, ఎంత మేర వస్తుందో గమనించి వచ్చేవారు అరుదు. కింద చెప్పబోయే అపోహల్లో చాలావరకు ఆ గమనింపు లేకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఖరీదైన కెమెరా లేనిదే మంచి ఫోటో రాదు.

బల్ల మీద పెట్టిన కదలని వస్తువును తీయడానికి మధ్యరకం ఫోను చాలు. జాగ్రత్తపడవలసింది దూరం విషయంలోనే. ఫోనును వస్తువుకు మరీ దగ్గరగా పెడితే ముందు భాగం ఉబ్బినట్టు, వెనక భాగం కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. కాస్త వెనక్కి జరిగి, రెండు రెట్లు జూమ్ చేసి తీస్తే ఆకారం సరిగా వస్తుంది. దీని గురించి ఇంతకుమించి చెప్పవలసిన అవసరం లేదు.

అపోహ: ఉత్తరపు కిటికీ వెలుగు ఏడాది పొడవునా శ్రేష్ఠం.

ఈ సలహా ఐరోపా చిత్రకారుల స్టూడియోల నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్న సూర్యుడు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి, ఉత్తరపు కిటికీలోంచి నేరుగా ఎండ పడకుండా మెత్తని వెలుగు మాత్రమే వస్తుంది. మనం ఉన్నది కర్కటరేఖకు దక్షిణాన. హైదరాబాదులో ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడని, నిటారుగా నిలబెట్టిన వస్తువుకు నీడ పడదని పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఆ రెండు తేదీల మధ్య కాలమంతా మన మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఉదయం, సాయంత్రం వేళల్లోనైతే వేసవి పొడవునా ఉత్తరం వైపు ఒరిగే ఉంటాడు. అందుచేత ఎండాకాలంలో ఉత్తరపు కిటికీని నమ్ముకుని బల్ల సర్దుకున్నవారికి ఉదయాన్నే ఏటవాలుగా ఎండ చారలు పడితే అందులో ఆశ్చర్యపడవలసింది లేదు.

దీనికి విరుగుడు సులభం. ఏ దిక్కు కిటికీ అయినా, నేరుగా ఎండ పడుతున్నప్పుడు దానికి పలుచని తెల్లని నూలు గుడ్డ గానీ, బటర్ పేపరు గానీ అడ్డం కడితే ఆ గుడ్డ మొత్తం ఒక పెద్ద దీపంగా మారుతుంది. నీడల అంచులు మెత్తబడడానికి కారణం వెలుగు తక్కువ కావడం కాదు. వస్తువు వైపు నుంచి చూసినప్పుడు వెలుగు వచ్చే తలం పెద్దదిగా ఉండడం. అదే కిటికీకి పది అడుగుల దూరంలో బల్ల వేస్తే, ఆ కిటికీ చిన్నదై నీడలు మళ్లీ గట్టిపడతాయి. బల్లను రెండు మూడు అడుగుల దూరంలోకి తెచ్చుకోవడం మేలు.

అపోహ: గదిలో ఉన్న లైట్లన్నీ వేస్తే ఫోటో బాగా వస్తుంది.

పగటి వెలుగుది ఒక రంగు, గదిలోని బల్బుది మరొక రంగు. మన కన్ను ఈ తేడాను సర్దుకుంటుంది గానీ, ఫోను సాధారణంగా ఫోటో మొత్తాన్నీ ఒకే రంగు లెక్కతో సరిచేస్తుంది. దాంతో గిన్నెకు ఒక పక్క నీలంగా, మరో పక్క పసుపుగా తేలుతుంది. ఆ తరువాత ఎంత ఎడిటింగ్ చేసినా ఇది పూర్తిగా పోదు. కాబట్టి కిటికీ వెలుగుతో తీసేటప్పుడు గదిలో లైట్లన్నీ ఆర్పేయడమే మొదటి పని.

చీకటిగా ఉన్న పక్కన వెలుగు కావాలంటే తెల్లని థర్మోకోల్ షీటును నిలబెడితే చాలు. ఇత్తడి చెంబుతో దీన్ని అభ్యసించి చూడమని కొత్తవారికి చెబుతాను. బాగా తోమిన ఇత్తడి మీద మనకు కనిపించేది ఇత్తడికన్నా ఎక్కువగా దాని చుట్టూ ఉన్న గది: కిటికీ ఊచలు, ఫోను పట్టుకున్న మన చెయ్యి, ఒక్కోసారి మన చొక్కా గళ్లు కూడా. థర్మోకోల్ షీటును మెల్లగా జరుపుతుంటే చెంబు పొట్ట మీద తెల్లని పట్టీ ఒకటి పుట్టి, మెడ దాకా పాకుతుంది. ఆ పట్టీ పక్కనే సన్నని నల్లని చార్టు ముక్క పెడితే చెంబు అంచు స్పష్టంగా తేలి, గుండ్రదనం కనిపిస్తుంది. మెరిసే వస్తువుల ఫోటోగ్రఫీలో సగం పని ఇదే.

అపోహ: ఎండతో ముద్రించే నీలి చిత్రాలకు వాడేది సయనైడ్, దానికి డార్క్‌రూమ్ కూడా కావాలి.

కెమెరా అక్కర్లేని ఈ పద్ధతి పేరు సయనోటైప్. ఆంగ్ల శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ దీన్ని 1842లో కనిపెట్టగా, మరుసటి ఏడాది నుంచే అన్నా అట్కిన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు సముద్రపు నాచుల చిత్రాలను ఇలా ముద్రించి పుస్తకంగా వెలువరించడం మొదలుపెట్టారు. 100 మిల్లీలీటర్ల నీటిలో 25 గ్రాముల ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, వేరొక 100 మిల్లీలీటర్లలో 10 గ్రాముల పొటాషియం ఫెర్రిసయనైడ్ కరిగించి, వాడే ముందు రెండింటినీ సమపాళ్లలో కలిపి, మందపాటి డ్రాయింగు కాగితానికి కుంచెతో పూయాలి.

ఫెర్రిసయనైడ్‌లోని సయనైడ్ భాగం ఇనుముతో గట్టిగా బంధించబడి ఉంటుంది కాబట్టి, దానికి పొటాషియం సయనైడ్‌కు ఉన్నంత విషగుణం లేదు. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. దాన్ని మంట మీద వేడి చేయకూడదు, బాత్రూములు కడిగే యాసిడ్ లాంటి గాఢమైన ఆమ్లాలతో కలవనివ్వకూడదు. ఆ రెండు సందర్భాల్లోనూ విషవాయువు వెలువడే ప్రమాదం ఉంది. చేతికి తొడుగులు వేసుకోవాలి, వంటింటి గిన్నెలు వాడకూడదు, పిల్లలతో చేయించేటప్పుడు పూత పని పెద్దలే చేయాలి. డార్క్‌రూమ్ మాత్రం అవసరం లేదు. ఈ పూత స్పందించేది ముఖ్యంగా అతినీలలోహిత కిరణాలకే కాబట్టి, కర్టెన్లు వేసిన గదిలో మామూలు బల్బు వెలుతురులో పూసి ఆరబెట్టుకోవచ్చు.

ఆరిన కాగితం మీద వేపరెమ్మో మునగాకో పరిచి, పైన గాజు పలక పెట్టి ఎండలో ఉంచితే, ఎండ తగిలిన చోట రంగు మారుతూ చివరకు బూడిదవర్ణానికి వస్తుంది. అక్కడితో తీసి పసుపుపచ్చ పోయేదాకా నీటిలో కడగాలి. మన ఊళ్లలో చాలామంది దెబ్బతినేది ఇక్కడే. బోరు నీళ్లు కఠినంగా, కొంత క్షారంగా ఉంటే ఆ క్షారం నీలిరంగును తినేస్తుంది. చిత్రం వెలిసిపోతే తప్పు రసాయనానిదనుకుంటారు. మొదటిసారి కడిగే నీటిలో కొద్దిగా నిమ్మరసం పిండితే ఈ ఇబ్బంది తప్పుతుంది. అదే కారణంగా ఈ చిత్రాలు అచ్చువేసిన గుడ్డను బట్టల సబ్బుతో ఉతకకూడదు.

అపోహ: పసుపుతో వేసిన ఎండ చిత్రాన్ని ఫ్రేము కట్టి గోడకు తగిలించుకోవచ్చు.

రసాయనాలు ఇష్టం లేనివారికి నేను సూచించేది ఇదే, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. పసుపును స్పిరిట్‌లో కలిపి, గుడ్డతో వడకట్టి, ఆ ద్రవాన్ని కాగితానికి పూసి నీడన ఆరబెట్టాలి. ఎండ తగిలిన చోట పసుపు రంగు వెలిసిపోతుంది, ఆకు కప్పిన చోట నిలుస్తుంది. సయనోటైప్‌కు నిమిషాలు చాలితే దీనికి గంటలు పడుతుంది. తరువాత వెలిగారం (బోరాక్స్) కలిపిన నీటిలో ముంచితే, మిగిలిన పసుపు ఎరుపు కలిసిన గోధుమ రంగులోకి మారి చిత్రం ఒక్కసారిగా తేలుతుంది. దిష్టి తీయడానికి పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడేది కూడా క్షారం తగలడం వల్లే.

పారదర్శకమైన షీటు మీద ప్రింటు తీసిన ఫోటోతో చేసేవారు ఒక తేడా గుర్తుంచుకోవాలి. సయనోటైప్‌లో ఎండ తగిలిన చోట రంగు నిలుస్తుంది కాబట్టి దానికి నెగటివ్, అంటే నలుపు తెలుపులు తారుమారైన ఫోటో, కావాలి. పసుపులో ఎండ తగిలిన చోట రంగు పోతుంది కాబట్టి మామూలు ఫోటోనే వాడాలి. రెండింటికీ ఒకే షీటు వాడితే ఒక ముఖం దెయ్యంలా వస్తుంది.

పసుపు చిత్రాన్ని శాశ్వతంగా నిలిపే మార్గం లేదు. చిత్రాన్ని పుట్టించిన ఎండే దాన్ని తుడిచేస్తుంది. ఆరిన వెంటనే స్కాన్ చేసి, అసలు కాగితాన్ని ఆల్బమ్‌లో పెట్టుకోవాలి.

అపోహ: గోడ మీద తలకిందుల బొమ్మ పడాలంటే లెన్సు కావాలి, లేదా శిల్పుల మాయ కావాలి.

హంపీ విరూపాక్షాలయంలో గోడ మీద గోపురం తలకిందులుగా కనిపించడాన్ని చూసినవారు చాలామంది అదేదో మరుగునపడిన రహస్యమనుకుంటారు. చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుగు తిన్నగా ప్రయాణించడం వల్ల పైనుంచి వచ్చిన కిరణం కిందికి, కిందినుంచి వచ్చినది పైకి చేరుతుంది, అంతే. అట్టముక్కలతో కిటికీని పూర్తిగా మూసి, ఒక సెంటీమీటరు రంధ్రం చేస్తే మన గదిలోనూ ఎదురింటి బాల్కనీ తలకిందులుగా గోడకెక్కుతుంది. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ బొమ్మ స్పష్టమవుతుంది గానీ వెలుగు తగ్గుతుంది. మరీ చిన్నదైతే స్పష్టత కూడా పోతుంది. తలుపు కింది సందును సైతం గుడ్డతో మూసి, కన్ను చీకటికి అలవాటుపడేదాకా పది నిమిషాలు ఆగాలి. ఎదురుగా ఉన్న భవనం మీద నేరుగా ఎండ పడుతున్న వేళ ఎంచుకోవాలి కాబట్టి, తూర్పు కిటికీ ఉన్నవారు సాయంత్రం, పడమటి కిటికీ ఉన్నవారు ఉదయం ప్రయత్నించాలి. ఫోనును స్టాండు మీద పెట్టి, టైమరు వాడి, నైట్ మోడ్‌లో తీస్తే గోడ మీది బొమ్మ చాలావరకు ఫోటోలోకి వస్తుంది.