ట్రే విసిరినాయన తాగి లేడు: ఆసుపత్రి దాడులపై అపోహలు - వాస్తవాలు

పద్నాలుగేళ్లుగా క్యాజువాల్టీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మా గురించి బయట వినిపించే మాటల్లో కొన్ని.

అపోహ: గొడవ పడేది తాగుబోతులు, రౌడీలే.

వాస్తవం: తాగి వచ్చేవాళ్లు ఉంటారు, కాదనను. కానీ నేను చూసినంతలో చేయెత్తేది ఎక్కువగా ఆలస్యంగా వచ్చిన బంధువులు. ఒక రాత్రి గుండెపోటుతో పెద్దాయన్ని తెచ్చారు. కొడుకు మూడు గంటలు పక్కనే ఉన్నాడు. పరిస్థితి బాలేదని చెబితే తలూపాడు, సంతకం పెట్టాడు. ప్రాణం పోయాక అల్లుడు దిగాడు. ‘సిస్టర్, ఇంజెక్షన్ ఇచ్చేదాకా బాగానే ఉన్నాడంట కదా?’ అంటూనే ట్రే నా మీదికి విసిరాడు. నేలంతా గాజు పెంకులు. తెల్లారి డ్యూటీ దిగేముందు నేనే ఊడ్చుకున్నాను. అప్పటినుంచి సీరియస్ కేసు వస్తే ‘ఇంకా ఎవరు రావాలి?’ అని అడిగి, వాళ్లతో ఫోన్‌లోనే డాక్టరు గారి చేత మాట్లాడిస్తున్నాను.

అపోహ: చనిపోయినా వెంటిలేటర్ మీద ఉంచి బిల్లు లాగుతారు.

వాస్తవం: ఎక్కువ గొడవలు ఇక్కడే మొదలవుతాయి. బిల్లుల మీద జనానికి అనుమానం ఊరికే రాలేదు, అది వేరే సంగతి. వెంటిలేటర్ గాలి ఊదుతుందే తప్ప ఆగిన గుండెను కొట్టించలేదు. గుండె ఆగాక కొన్ని గంటల్లో శరీరం బిగుసుకుపోతుంది, రోజుల తరబడి దాచడం కుదరదు. బ్రెయిన్ డెడ్ అయితే, అంటే మెదడు మళ్లీ కోలుకోకుండా పూర్తిగా ఆగిపోతే మాత్రం వెంటిలేటర్ ఉన్నన్నాళ్లు గుండె కొంతకాలం కొట్టుకుంటుంది, ఒళ్లు వెచ్చగా ఉంటుంది. అలాంటప్పుడు మెషీన్ తీస్తే బంధువులకు మేమే చంపినట్టు అనిపిస్తుంది. ఈ తేడా ముందే కూర్చోబెట్టి చెప్పకపోవడం మా తప్పే.

అపోహ: ముందొచ్చినవాళ్లనే ముందు చూడాలి.

వాస్తవం: చెయ్యి విరిగినాయన గట్టిగా అరవగలడు. కడుపులో రక్తం కారుతున్నాయనకి ఆ ఓపిక ఉండదు. ముందు ఆయన్నే చూస్తాం.

అపోహ: సిబ్బందిని కొడితే అడిగే చట్టం లేదు.

వాస్తవం: ఉమ్మడి రాష్ట్రంలోనే 2008లో వచ్చింది. మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, పగలగొట్టిన పరికరానికి రెట్టింపు ఖరీదు. నాన్ బెయిలబుల్ కూడా. నర్సులు, నర్సింగ్ విద్యార్థులు కూడా అందులోకి వస్తారు. 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ తన ఆసుపత్రులకు ఇంకో మాట చెప్పింది: దాడి జరిగిన 6 గంటల్లోపు ఆసుపత్రి తరఫునే ఎఫ్‌ఐఆర్ పెట్టించాలి, ఆ బాధ్యత సంస్థ అధిపతిది.

మా దగ్గర మాత్రం స్టేషన్‌కి వెళ్లాల్సింది దెబ్బ తిన్నవాళ్లే. నా కేసూ రాజీ అయింది. పెద్ద సారు గదిలో అల్లుడుగారు సారీ చెప్పారు, అందరికీ టీ ఇచ్చారు. ఆ రాత్రి మళ్లీ నాకు నైట్ డ్యూటీయే.