మగవారి రిపోర్టుల్లో కనిపించే పదాలు: అపోహలు - వాస్తవాలు

స్కానింగ్ సెంటర్ నుంచి బయటికి రాగానే రిపోర్టు చివర ఇంప్రెషన్ అని ఉన్న రెండు లైన్లను ఫోన్‌లో కొట్టి చూడటం ఇప్పుడు అందరికీ అలవాటైంది. గ్రేడ్ 2 వేరికోసీల్, ఒలిగోజూస్పెర్మియా, గ్రేడ్ 1 ప్రోస్టాటోమెగాలీ. యూరాలజీ ఓపీలో నా ముందు కూర్చునే మగవాళ్లలో చాలామంది వీటిలో ఏదో ఒకటి చదివి, రాత్రంతా నిద్ర లేకుండా వచ్చినవాళ్లే. ఆడవాళ్ల ఇబ్బందుల గురించి అమ్మో, అక్కో, పిన్నో ఎంతో కొంత చెబుతారు. మగపిల్లవాడికి ఇలాంటివి చెప్పే మనిషి ఇంట్లో ఉండడు. నాన్నని అడగలేడు, బావని అడిగితే నవ్వుతాడేమోనని భయం. చివరికి గోడల మీద పోస్టర్లు, బస్టాండు దగ్గర లాడ్జీల్లో మకాం వేసే నకిలీ వైద్యులు, యూట్యూబ్ వీడియోలే దిక్కవుతాయి.

ఆ పదాలు పరీక్షలో ఏం కనిపించిందో చెబుతాయి, అంతే. కారణమేంటి, వైద్యం అవసరమా, పిల్లలు పుడతారా అన్నవి ఆ తర్వాత తేలాల్సిన సంగతులు. ఓపీలో ఎక్కువగా వినిపించే అపోహలను ఒక్కొక్కటే తీసుకుంటాను.

అపోహ: వీర్యంలో శుక్రకణాల సంఖ్య, అంటే కౌంట్, తక్కువ ఉందంటే మగతనం లేనట్టే.

వృషణం రెండు పనులు చేస్తుంది. లోపల చుట్టలు చుట్టుకుని ఉన్న సన్నని గొట్టాల్లో శుక్రకణాలు తయారవుతాయి. ఆ గొట్టాల మధ్య ఉండే లేడిగ్ కణాలు టెస్టోస్టిరాన్ హార్మోన్‌ను నేరుగా రక్తంలోకి వదులుతాయి. గడ్డం, గొంతు, కండ, కోరిక ఈ రెండో పని మీద ఆధారపడతాయి. మొదటి పని దెబ్బతిన్నా రెండోది మామూలుగా సాగిపోయేవాళ్లే ఎక్కువ. కౌంట్ సున్నా ఉన్న మనిషి దాంపత్యం ఏ లోటూ లేకుండా ఉండొచ్చు. అంగస్తంభన సమస్యతో వచ్చిన మనిషి కౌంట్ పూర్తిగా నార్మల్‌గా ఉండొచ్చు. అలాంటివాళ్లకి నేను ముందు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలు రాస్తాను, ఎందుకంటే గుండె రక్తనాళాల జబ్బు కొందరిలో ముందుగా బయటపడేది ఇక్కడే.

ఈ తేడా తెలియక జరిగే నష్టం ఎక్కువగా మోసేది భార్యే. పెళ్లయి నాలుగైదేళ్లయినా పిల్లలు లేకపోతే అమ్మాయిని ఊరూరా తిప్పుతారు. ఫైల్‌లో ఆమెవి హార్మోన్ పరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే, ల్యాప్రోస్కోపీ సీడీ కూడా ఉంటాయి. అబ్బాయిది ఒక్క కాగితం ఉండదు. అడిగితే అత్తగారు అందుకుంటారు: "మా వాడికి ఏ లోపమూ లేదండీ, బాగానే ఉంటాడు." పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్షకి సూది లేదు, మత్తు లేదు, ఖర్చూ పెద్దగా లేదు. ఇద్దరి పరీక్షలూ ఒకేసారి మొదలవ్వాలి. ఈ విషయంలో నేను ఎవరి మొహమాటానికీ తగ్గను.

అపోహ: రిపోర్టులో నార్మల్ అంకె కంటే తగ్గితే ఇక పిల్లలు పుట్టరు.

రిపోర్టు పక్కన రాసే అంకెలు ప్రపంచ ఆరోగ్య సంస్థవి. 2021లో వచ్చిన ఆరో ఎడిషన్ ప్రకారం వీర్యం కనీసం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకి 1 కోటి 60 లక్షల శుక్రకణాలు, మొత్తం కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. కొన్ని ల్యాబుల్లో ఇంకా 2010 నాటి అంకెలే ఉంటాయి. వాటిలో సంఖ్య హద్దు 1 కోటి 50 లక్షలు. ఇవి ఎలా వచ్చాయంటే, ఏడాది లోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్ల పరీక్షలు తీసుకుని, వాళ్లలో అందరికంటే కింద ఉన్న 5 శాతం దగ్గర గీత గీశారు. అంటే ఆ గీత కింద ఉన్నవాళ్లు కూడా తండ్రులైనవాళ్లే. గీత దాటినంత మాత్రాన గ్యారంటీ లేదు, తగ్గినంత మాత్రాన దారి మూసుకుపోదు.

పదాల సంగతికొస్తే, ఒలిగో అని ఉంటే సంఖ్య తక్కువ. అస్థెనో అంటే కదలిక తక్కువ. టెరటో అంటే ఆకారం సరిగా లేనివి ఎక్కువ. మూడూ కలిస్తే ఓఏటీ అని రాస్తారు. అందరినీ ఎక్కువ భయపెట్టేది టెరటో అన్న మాట. "నూటికి తొంభై ఆరు పాడైపోయాయట సార్" అంటూ గొంతు పూడుకుపోయి చెబుతారు. తండ్రి కాగలిగిన మగవాళ్లలోనూ ఆకారం అంత కచ్చితంగా ఉన్నవి తక్కువే ఉంటాయి, అందుకే ఆ హద్దు 4 శాతం దగ్గరే పెట్టారు.

ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చకూడదు. పరీక్షకి ముందు 2 నుంచి 7 రోజుల విరామం ఉండాలి. నమూనా ఇంట్లో తీసుకుంటే గంట లోపు, చల్లబడకుండా ల్యాబుకి చేరాలి. డబ్బాలో పడకుండా మొదటి భాగం పోతే ఆ సంగతి ల్యాబు వాళ్లకి చెప్పాలి, శుక్రకణాలు ఎక్కువగా ఉండేది ఆ భాగంలోనే. సిగ్గుపడి చాలామంది చెప్పరు, రిపోర్టు తప్పుగా వస్తుంది.

ఒక కుర్రాడు కౌంట్ యాభై లక్షలే ఉందని తల వంచుకుని కూర్చున్నాడు. "ఈ మధ్య జ్వరమేమైనా వచ్చిందా నాన్నా?" అని అడిగితే లేదన్నట్టు తలూపాడు. పక్కనున్న భార్య వెంటనే, "అదేంటండీ, దీపావళి ముందు డెంగీ వచ్చి సెలైన్లు పెట్టించుకున్నారుగా" అంది. శుక్రకణం తయారవడానికి సుమారు 74 రోజులు, అది ప్రయాణించి బయటికి రావడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మొత్తం మూడు నెలలనుకోండి. మధ్యలో ఒంట్లో వేడి 103 దాటితే ఆ ప్రభావం వారాల తర్వాత కౌంట్‌లో కనిపిస్తుంది. మందులేమీ రాయకుండా మూడు నెలలాగి మళ్లీ చేయించుకోమన్నాను. రెండో రిపోర్టు నార్మల్.

అపోహ: అజూస్పెర్మియా అని వస్తే దారులన్నీ మూసుకున్నట్టే.

వీర్యంలో శుక్రకణాలు ఒక్కటీ కనిపించకపోవడాన్ని అజూస్పెర్మియా అంటారు. మగవాళ్లలో సుమారు నూటికి ఒకరిలో ఇది ఉంటుంది. ఈ మాట రాసే ముందు నమూనాని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున పేరుకున్నదాన్ని మైక్రోస్కోపు కింద వెతకాలి. అక్కడ నాలుగైదు కనిపించినా కథ మారిపోతుంది.

తర్వాతి ప్రశ్న: తయారీ లేదా, దారి లేదా? వృషణాల సైజు బాగుండి, శుక్రకణాల తయారీకి పిట్యూటరీ గ్రంథి పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ నార్మల్‌గా ఉంటే తయారీ జరుగుతూనే ఉండి దారి మూసుకుపోయి ఉండొచ్చు. శుక్రకణాలను వృషణం వైపు నుంచి మోసుకెళ్లే గొట్టం, శుక్రవాహిక, చేతికి సన్నని గట్టి తాడులా తగలాలి. కొందరిలో అది పుట్టుకతోనే ఉండదు. ఏ స్కానూ అక్కర్లేకుండా రెండు వేళ్లతో తెలిసిపోయే విషయమిది. అయినా ఎన్నో చోట్ల తిరిగి, ఎవరూ చేయి వేసి చూడని మనుషులు నా దగ్గరికి వస్తుంటారు. వాహిక లేనివాళ్లలో సీఎఫ్‌టీఆర్ జన్యువులో (సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య ఊపిరితిత్తుల జబ్బుకు కారణమయ్యే జన్యువు) మార్పులు ఉండే అవకాశం ఎక్కువ, బిడ్డకి ఆ జబ్బు రాకూడదు కాబట్టి భార్యకి కూడా ఆ పరీక్ష చేయించి ముందుకెళ్లాలి.

తయారీ దెబ్బతిన్నవాళ్లలోనూ వృషణంలో అక్కడక్కడా చిన్న చిన్న చోట్ల శుక్రకణాలు మిగిలి ఉండొచ్చు. మైక్రోస్కోపుతో చేసే ఆపరేషన్‌లో వాటిని వెతికి తీస్తారు. దొరికితే ఇక్సీ ఉంది. ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి పంపే ఈ పద్ధతితో పిల్లలు పుట్టిన సంగతి బెల్జియం వైద్యులు 1992లో ప్రకటించారు. అందరికీ దొరుకుతాయని చెప్పను. వై క్రోమోజోములో ఏజెడ్‌ఎఫ్-ఏ, ఏజెడ్‌ఎఫ్-బీ భాగాలు పూర్తిగా లేనివాళ్లలో వెతకడం వృథా. ఆ రక్తపరీక్ష ఆపరేషన్‌కి ముందే చేయిస్తే కోత తప్పుతుంది.

జిమ్ కుర్రాళ్లకి ఒక మాట. కండ కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ కౌంట్ పెంచదు, పడగొడుతుంది. బయటి నుంచి హార్మోన్ రాగానే మెదడులోని పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే సంకేతాలు ఆపేస్తుంది, తయారీ ఆగిపోతుంది. దీన్ని మగవారి గర్భనిరోధకంగా వాడొచ్చా అని ప్రపంచ ఆరోగ్య సంస్థే పరీక్షించింది. వారం వారం ఇంజక్షన్ తీసుకున్నవాళ్లలో సగానికి పైగా మందికి కౌంట్ సున్నాకి చేరింది. మానేస్తే చాలామందిలో తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది, కొందరిలో ఏడాది దాటుతుంది.

అపోహ: వేరికోసీల్ అని స్కాన్‌లో వస్తే ఆపరేషన్ తప్పదు.

వృషణం నుంచి చెడు రక్తం తీసుకెళ్లే సిరలు ఉబ్బడమే వేరికోసీల్. మగవాళ్లలో దాదాపు 15 శాతం మందికి ఉంటుంది. వాళ్లలో ఎక్కువమంది మామూలుగానే తండ్రులవుతారు. ఇది ఎడమవైపే ఎక్కువ. ఎడమ సిర చాలా పైకి వెళ్లి మూత్రపిండం సిరలో నిటారుగా కలుస్తుంది, ఆ దారిలో రక్తం వెనక్కి తన్నే అవకాశం ఎక్కువ. కుడి సిర ఏటవాలుగా పెద్ద సిరలో కలిసిపోతుంది. అందుకే కుడివైపు ఒక్కదానిలోనే కొత్తగా వస్తే కడుపు కూడా స్కాన్ చేసి చూస్తాం.

చేతికి తగలకుండా స్కాన్‌లో మాత్రమే కనిపించేదానికి ఆపరేషన్ వల్ల ఉపయోగం లేదు. చేతికి తగలాలి, వీర్య పరీక్ష తేడాగా ఉండాలి, పిల్లల కోసం ప్రయత్నిస్తూ ఉండాలి, భార్య వైపు పరిస్థితి అనుకూలంగా ఉండాలి. అప్పుడే చేస్తాం. నొప్పి బాగా ఉన్నవాళ్లు, వృషణం చిన్నదవుతున్న ఎదిగే పిల్లలు వేరే లెక్క. చేసిన తర్వాత ఫలితం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి.

అపోహ: వరిబీజం బరువులెత్తితే వస్తుంది, సూదితో నీళ్లు తీయిస్తే పోతుంది.

వరిబీజం, బుడ్డ అని మనవాళ్లు పిలిచేది హైడ్రోసీల్. వృషణం చుట్టూ ఉన్న పొరల మధ్య నీరు చేరుతుంది. బరువులెత్తడంతో సంబంధం పెట్టేది హెర్నియాకి, రెండింటినీ కలిపేస్తుంటారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగే చాలామందిలో ఈ వరిబీజానికీ కారణం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ దాన్ని మోస్తుంది. ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి ఇచ్చే డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు అందుకే, దయచేసి జేబులో వేసుకుని పారేయకండి. చీకటి గదిలో టార్చి ఆనించి చూస్తే నీరు ఎర్రగా వెలుగుతుంది, ఎన్నో ఏళ్లది అయితే పొర మందమై వెలగకపోవచ్చు. సూదితో తీస్తే కొన్ని వారాల్లో మళ్లీ చేరుతుంది, పైగా చీము పట్టే ప్రమాదం. పెద్దవాళ్లకి ఆపరేషనే సరైన దారి. పసిపిల్లల్లో ఏడాది, రెండేళ్ల లోపు చాలావరకు దానంతటదే తగ్గిపోతుంది, హెర్నియా లేదని చూపించుకుంటే చాలు.

అపోహ: వేసెక్టమీ (మగవారి కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకుంటే నీరసం వస్తుంది, బరువు పనులు చేయలేరు.

ఇందులో శుక్రవాహికని మాత్రమే కత్తిరించి కడతాం. వృషణాన్ని ముట్టుకోము. హార్మోన్ రక్తంలోకి వెళ్తుంది కాబట్టి ఆ వాహికతో దానికి పని లేదు. వీర్యంలో శుక్రకణాల వాటా 5 శాతం లోపే, మిగతాది వీర్యకోశాలు, ప్రోస్టేట్ నుంచి వచ్చే ద్రవం. అందుకే ఆపరేషన్ తర్వాత కూడా కంటికి తేడా తెలియదు. చైనా సర్జన్ లీ షున్‌చియాంగ్ 1974లో తెచ్చిన కోత, కుట్టు లేని పద్ధతినే ఇక్కడా చేస్తున్నాం, అదే రోజు ఇంటికి పంపిస్తాం. మూడు నెలల తర్వాత వీర్య పరీక్షలో శుక్రకణాలు లేవని తేలేదాకా మాత్రం వేరే జాగ్రత్త తప్పనిసరి. ఆడవాళ్ల ఆపరేషన్‌కి కడుపు తెరవాలి, మత్తు కూడా ఎక్కువ కావాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలో పెళ్లయిన జంటల్లో ఆడవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడినవి 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద 0.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో అయితే ఆడవాళ్ల వాటా దాదాపు 70 శాతం. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. రెండు సిజేరియన్లు అయిన అమ్మాయిని మళ్లీ బల్ల ఎక్కించడానికి ఇంట్లో అందరూ ఒప్పుకుంటారు, పదిహేను నిమిషాల పనికి మగవాడిని పంపరు.

అపోహ: మూత్రంలో తెల్లగా పోతే ధాతువు కరిగిపోతోంది.

చాలామందిలో అది మూత్రంలోని ఫాస్ఫేట్ లవణాలు, మామూలు మూత్ర పరీక్షలో తేలిపోతుంది. నిద్రలో స్ఖలనం కావడం జబ్బు కాదు. ఈ భయంతో నీరసించి, చదువు మానేసే పిల్లల బాధ మాత్రం నిజమైనదే. దీన్ని ధాత్ సిండ్రోమ్ అని 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ పేరు పెట్టి వర్ణించారు. వాళ్లకి కావలసింది ఓపిగ్గా వినే డాక్టరు, అవసరమైతే మానసిక వైద్యుడు.

అపోహ: ప్రోస్టేట్ పెరిగిందంటే క్యాన్సరే.

మూత్రాశయం కింద ఉండే ఈ గ్రంథి యాభై దాటాక పెరగడం వయసుతో వచ్చే మార్పు, రిపోర్టులో ప్రోస్టాటోమెగాలీ అని రాసేది దీన్నే. బీపీహెచ్ అని రాస్తే అది క్యాన్సర్ కాని పెరుగుదల. సైజుకీ ఇబ్బందికీ నేరుగా లంకె ఉండదు. 60 గ్రాములున్నా హాయిగా నిద్రపోయేవాళ్లున్నారు, 30 గ్రాములకే రాత్రి ఐదుసార్లు లేచేవాళ్లున్నారు. వైద్యం ఆ ఇబ్బందిని బట్టి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్షలో అంకె పెరిగినా వెంటనే క్యాన్సర్ అనుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మూత్రం బిగపట్టడం, గొట్టం వేయడం వల్ల కూడా పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ తగ్గాక కొన్ని వారాలాగి మళ్లీ చూస్తాం.

అపోహ: అక్కడ నొప్పి వస్తే వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగితే తగ్గుతుంది.

పదిహేనేళ్ల పిల్లవాడికి తెల్లవారుజామున ఒకవైపు వృషణంలో హఠాత్తుగా విపరీతమైన నొప్పి, వాంతి. సిగ్గుతో కడుపు నొప్పి అని చెబుతాడు. అమ్మ మజ్జిగ ఇస్తుంది, మధ్యాహ్నానికి వాపు వస్తుంది, సాయంత్రం క్లినిక్‌లో యాంటీబయాటిక్ ఇంజక్షన్ పడుతుంది. మర్నాడు నా దగ్గరికి వచ్చేసరికి వృషణం నల్లబడి ఉంటుంది. దాన్ని టార్షన్ అంటారు. రక్తనాళాలతో సహా వృషణం మెలిపడుతుంది. 6 గంటల లోపు మెలి విప్పితే ఎక్కువమందిలో దక్కుతుంది, ఆ తర్వాత గంట గంటకీ ఆశ తగ్గిపోతుంది. కాబట్టి కడుపు నొప్పి అన్న మగపిల్లవాడిని కింద కూడా నొప్పిగా ఉందా అని అడగండి, డాక్టరుకి చూపించనివ్వండి. ఉందంటే అర్ధరాత్రయినా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి నేరుగా తీసుకెళ్లండి. దారిలో ఏమీ తినిపించవద్దు, తాగించవద్దు, మత్తు ఇవ్వాల్సి రావచ్చు. స్కాన్ కోసం ఊళ్లో తిరగవద్దు, అనుమానం బలంగా ఉంటే సర్జన్ స్కాన్ లేకుండానే తెరిచి చూస్తారు. రెండోవైపు కూడా మెలిపడే అవకాశం ఉంటుంది కాబట్టి అదే ఆపరేషన్‌లో దాన్నీ కుట్టి కదలకుండా నిలబెడతారు.