శనివారం రాత్రికే వచ్చెయ్యండి

విజయనగరం

పిల్లలూ,

అమ్మమ్మ ఆశీస్సులు. ఈ ఏడాది సిరిమాను పండక్కి వస్తున్నారని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలా సంతోషం. కానీ మంగళవారం పొద్దున్న దిగి, సాయంత్రం సిరిమాను చూసి, రాత్రి బండికి వెళ్లిపోతామంటే నేను ఒప్పుకోను. శనివారం రాత్రికే వచ్చెయ్యండి. ఎందుకో ఈ ఉత్తరంలో రాస్తున్నాను, చదివి మీ నాన్నకి మీరే చెప్పండి.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ముందు రోజు సోమవారం తొలేళ్లు అనే ఉత్సవం. దానికి ముందు వచ్చే ఆదివారానికి పంచాంగంలో ఏ పేరూ ఉండదు. మా వీధికి మాత్రం అదే పెద్ద రోజు. మధ్యాహ్నం భోజనాలు కాగానే వీధి మధ్యలో చాపలు పడతాయి. ఒకరు రంగు కాగితాల కట్ట తెస్తారు, ఒకరు పురికొస ఉండలు తెస్తారు, ఎవరింట్లోంచో నాలుగు కత్తెర్లు వస్తాయి. సాయంత్రానికి వీధి ఈ చివర నుంచి ఆ చివరి వరకు తోరణాలు లేవాలి.

జిగురు కొనం, ఇంట్లోనే కాస్తాం. మైదాపిండిని ముందు చల్లనీళ్లలో ఉండ కట్టకుండా కలపాలి. తర్వాత సన్నని సెగ మీద పెట్టి, తిప్పడం ఆపకుండా చిక్కబడనివ్వాలి. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలతుత్తం వేసేవాళ్లు మా పెద్దలు. అది విషం, అందుకే ఆ గిన్నెని మళ్లీ వంటకి వాడనిచ్చేవారు కాదు, పిల్లల్ని దాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మన తోరణాలు వారం రోజులకే కాబట్టి నేను అసలు వెయ్యను. మీరు ధైర్యంగా వేళ్లు ముంచుకోవచ్చు.

కాగితాన్ని మూడు మూలల జెండాలుగా కత్తిరిస్తాం. పైన వేలెడు వెడల్పు వదిలి, ఆ వదిలిన భాగాన్ని పురికొస మీదుగా మడిచి అంటించాలి. ఆ మడత సరిపోకపోతే గాలికి జెండా జారి అన్నీ ఒక చోటికి చేరిపోతాయి. కొంచెం పెద్ద పిల్లలకి పూల కత్తిరింపు ఇస్తాం. చదరపు కాగితాన్ని సగానికి, మళ్లీ సగానికి, తర్వాత ఐమూలగా ఒకసారి మడిచి, మడత లేని అంచున చిన్న గాటు పెట్టండి. విప్పితే అదే గాటు ఎనిమిది చోట్ల కనిపిస్తుంది. మొదటిసారి ఆ కాగితం విప్పేటప్పుడు పిల్లల మొహాలు చూడడం నాకెంత ఇష్టమో చెప్పలేను. ఎన్నేళ్లు చూసినా తనివి తీరలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు తోరణం కొస కట్టే పని నాకిచ్చారు. తోరణం కిందికి వేలాడితే బాగుండదని, గీత గీసినట్టు తిన్నగా ఉండాలని, బలమంతా పెట్టి లాగి గట్టిగా కట్టేశాను. ఆ రాత్రి వాన పడింది. పురికొస తడిస్తే ఉబ్బి, పొడవు తగ్గి బిగుసుకుంటుంది. ఆ సంగతి నాకేం తెలుసు? తెల్లవారేసరికి తోరణం తెగి పక్కింటి గోడ మీద పడి ఉంది. పండక్కని కొత్తగా సున్నం వేసుకున్న గోడ. ఎర్ర కాగితం రంగంతా కారి చారలు చారలుగా దిగింది. నేను ఏడుస్తుంటే ఆ ఇంటి తాతగారు ఒక్క మాట కూడా అనలేదు. కొత్త పురికొస తెచ్చి, నా చేత మళ్లీ కట్టిస్తూ, 'కాస్త వదులియ్యమ్మా, దానికీ ఊపిరాడాలి కదా' అన్నారు. అప్పటినుంచి వదులుగా ఉన్న తోరణం ఎక్కడ చూసినా, ఇది తెలిసినవాళ్లు కట్టారు అనుకుంటాను. మీరూ ఆ కిందికి దిగిన వంపు చూడండి.

మన వైపు అక్టోబరంటే వానలు, తుఫాన్ల నెల. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12న, 2018లో శ్రీకాకుళం తీరాన్ని తిత్లీ కొట్టింది అక్టోబరు 11న. అందుకే కాగితాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకుండా, వీధి మొదట్లో మామిడాకులు, కొబ్బరాకులు కడతాం. మామిడాకుల్లో లేతవి ఏరకండి, ఒక్క పూటలో వాలిపోతాయి. ముదురాకు రెండు మూడు రోజులు నిలుస్తుంది. తొడిమ వైపు పురికొస మీదకి మడిచి, చీపురుపుల్ల ముక్కతో కుట్టినట్టు గుచ్చాలి. కొబ్బరి మట్టని నిలువునా చీల్చి పందిరి రాటలకి కడతాం. మిగిలిన ఆకులతో చిలకలు, బూరలు చేసే మామయ్య ఒకరున్నారు. ఆయన పక్కన చోటు దొరకాలంటే తొందరగా వెళ్లి కూర్చోవాలి.

ఒక ఏడాది టైం లేదని, ఈ పనంతా ఎందుకని, వీధి వాళ్లం కలిసి ప్లాస్టిక్ తోరణాలు కొన్నాం. పది నిమిషాల్లో కట్టేశారు. మెరిశాయి, నిజమే. కానీ ఆ ఆదివారం మధ్యాహ్నం వీధిలో ఎవరూ లేరు. అందరం ఎవరింట్లో వాళ్లం టీవీ ముందు ఉన్నాం. పండగ వెళ్లాక అవి చినిగి గాలికి కొట్టుకుపోయి గెడ్డలో పడ్డాయి. నాకు చాలా బాధ అనిపించింది. మరుసటి ఏడాది నేనే ఇంటింటికీ తిరిగి కత్తెర్లు అడిగాను. సీరియల్ లైట్లు మాత్రం ఉంచుకున్నాం, రాత్రి కాగితం పూల వెనక అవి వెలిగితే చాలా బాగుంటుంది.

సోమవారం తొలేళ్లు. అమ్మవారి ఘటాలు వస్తాయి. ఇంటి ముందు కడిగి ముగ్గు పెట్టడం మీ పని. ఆ రాత్రి పూజారి చేతుల మీదుగా రైతులు విత్తనాలు తీసుకుంటారు. వాటిని తమ విత్తనాల్లో కలుపుకుంటే పంట బాగా పండుతుందని నమ్మకం. తప్పెటగుళ్ల వాళ్లు వస్తే వదలకుండా చూడండి. గుండెకి తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో, వాయిస్తూనే ఎగురుతూనే పాడతారు. మన ఉత్తరాంధ్ర సొత్తు అది.

ఇంత పని చేశాక మంగళవారం ఊరేగింపు చూస్తే మీ కళ్లు వేరేగా చూస్తాయి. అదంతా కూడా చేత్తో చేసిందే. సిరిమాను అంటే యాభై, అరవై అడుగుల పొడవైన చింతమాను. అది ఎక్కడుందో అమ్మవారే పూజారికి కలలో చెబుతుందంటారు. దాన్ని మన ఊళ్లోని హుకుంపేటకి తెచ్చి, వడ్రంగులు చెక్కి నున్నగా చేస్తారు. మొదలు బండి మీద ఉంటుంది, కొస ఆకాశంలోకి లేస్తుంది, ఆ కొసన కట్టిన పీట మీద పూజారి కూర్చుంటారు. మూడు లాంతర్ల కూడలి దగ్గరున్న అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిరుగుతుంది. జనం అరటిపళ్లు విసురుతారు, తల మీద చెయ్యి పెట్టుకోండి.

సిరిమాను ముందు తెల్ల ఏనుగు, అంజలి రథం, పాలధార, జాలరి వల వెళ్తాయి. నాకు అన్నిటికంటే ఆ వలంటే ఇష్టం. పైడిమాంబ పూసపాటి రాజుల ఆడపడుచు. 1757లో బొబ్బిలి యుద్ధం తర్వాత అన్న విజయరామరాజు చనిపోయాడని తెలిసి, దుఃఖంతో పెద్దచెరువులో కలిసిపోయిందని, తర్వాత పతివాడ అప్పలనాయుడికి కలలో కనిపించి విగ్రహం ఎక్కడుందో చెప్పిందని కథ. ఆ విగ్రహాన్ని చెరువులోంచి తియ్యడానికి జాలరులు సాయం చేశారట. అందుకే ఇప్పటికీ చేపలు పట్టే వల అమ్మవారి ముందు నడుస్తుంది. దాన్ని దగ్గరగా చూడండి, ఒక్కొక్క ముడీ ఎవరో కూర్చుని వేసిందే.

మీ పాత నోటు పుస్తకాల రంగు అట్టలు పారెయ్యకుండా తీసుకురండి. చిన్నదానికి మొన లేని కత్తెర పెట్టండి. పోయినసారి మిగిలిన ఆకుపచ్చ కాగితాలు ట్రంకు పెట్టెలో దాచాను. వీధి చివర వేపచెట్టు దగ్గర తోరణం కొస కట్టే పని ఈసారి మీకే ఇమ్మని అందరితో చెప్పి ఉంచాను.

మీ అమ్మమ్మ