ఉప్పు తగ్గిందా, నీళ్లు ఎక్కువయ్యాయా?

రక్త పరీక్ష రిపోర్టులో సోడియం 128 అని ఉంటుంది. ఉండాల్సింది 135 నుంచి 145 అని పక్కనే అచ్చయి ఉంటుంది. మనిషి మాత్రం ఎదురుగా కూర్చుని మామూలుగానే మాట్లాడుతుంటాడు. తలనొప్పి లేదు, వాంతుల్లేవు, ఫిట్స్ అసలే లేవు. "కొంచెం తగ్గిందంతే, కాస్త ఉప్పు ఎక్కువ వేసుకుంటే సరి" అని ఎవరో ఒకరు అనేస్తారు. చిన్న మాటే, కానీ అందులో పొరపాట్లు రెండున్నాయి.

మొదటిది ఉప్పు గురించి. ఆ 128 ఒంట్లో ఉన్న మొత్తం సోడియం లెక్క కాదు, లీటరు రక్తద్రవానికి ఎన్ని మిల్లీమోల్స్ (పదార్థం ఎంతుందో చెప్పే ఒక కొలత) ఉందనే లెక్క. చెంబుడు ఉప్పు నీళ్లు చప్పబడాలంటే ఉప్పే తగ్గక్కర్లేదు, ఇంకో గ్లాసు నీళ్లు పోసినా చాలు. సోడియం తగ్గిన వాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఈ రెండోదే. మామూలుగా రక్తం కాస్త పల్చబడగానే, నీటిని ఒంట్లోనే ఆపి ఉంచే వాసోప్రెసిన్ అనే హార్మోన్ ఆగిపోతుంది, మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి వదిలేస్తాయి. కొందరిలో ఆ హార్మోన్ ఆగదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న ఇద్దరిలో ఈ సంగతిని 1957లోనే వైద్యులు వివరించారు. డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు, ఫిట్స్‌కు ఇచ్చే కార్బమజెపిన్ కూడా ఇలాగే చేయగలవు. బీపీకి వాడే థయాజైడ్ రకం మాత్రలదీ పెద్ద వాటాయే. సరిగ్గా తినకుండా నీళ్లు మాత్రం బాగా తాగే వృద్ధుల సంగతి వేరు. నీటిని బయటికి పంపడానికి మూత్రపిండాలకు తిండి నుంచి వచ్చే లవణాలు, యూరియా కావాలి. అవి చాలకపోతే నీళ్లు ఒంట్లోనే మిగిలిపోతాయి.

గుండె బలహీనపడిన వాళ్లలో అయితే మరీ విచిత్రం. ఒంట్లో ఉప్పు ఉండాల్సినదానికంటే ఎక్కువే ఉంటుంది, కాళ్లు వాచి ఉంటాయి. నీళ్లు అంతకంటే ఎక్కువ చేరడంతో రిపోర్టులో సోడియం తక్కువ కనిపిస్తుంది. ఆ అంకె చూసి ఉప్పు పెంచితే పెరిగేవి వాపూ ఆయాసమే.

రెండో పొరపాటు 'అంతే' అనడం. రక్తం పల్చబడితే నీరు కణాల్లోకి దూరుతుంది, అవి ఉబ్బుతాయి. ఒంట్లో ఇంకెక్కడైనా కాస్త ఉబ్బినా సర్దుకుంటుంది గానీ, పుర్రెలో ఇరుక్కుని ఉన్న మెదడుకు ఆ వీలు లేదు. సోడియం గంటల్లో పడిపోతే ఫిట్స్, స్పృహ తప్పడం, ప్రాణాపాయం. అదే రోజుల తరబడి నెమ్మదిగా తగ్గితే మెదడు కణాలు తమలోని సరుకును బయటికి పంపి ఉబ్బు తగ్గించుకుంటాయి. ముందు పొటాషియం, క్లోరైడ్ పోతాయి. ఒకటి రెండు రోజుల్లో గ్లుటమేట్, టారిన్, ఇనోసిటాల్ లాంటివీ పోతాయి. మనిషి బాగానే కనిపిస్తాడు. కానీ పోయినదేమీ చెత్త కాదు. గ్లుటమేట్ నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడుకునే రసాయనం.

ఈ 'బాగానే ఉన్నారు' అనే మాటను 2006లో బెల్జియం వైద్యులు పరీక్షకు పెట్టారు. సోడియం తగ్గినా లక్షణాలేవీ లేవనుకున్న 122 మంది రోగులను చూస్తే, వాళ్లలో 21 శాతం మంది కిందపడి ఆసుపత్రికి వచ్చినవాళ్లే. సోడియం సరిగ్గా ఉన్నవాళ్లలో అది 5 శాతం. సోడియం తగ్గిన 16 మందికి నడక పరీక్ష కూడా పెట్టారు. బరువు ఎక్కడ పడుతోందో నమోదు చేసే పలక మీద, ఒక కాలి వేళ్లకు ఇంకో కాలి మడమ ఆనిస్తూ మూడంటే మూడే అడుగులు. నిటారుగా సాగాల్సిన గీత అటూ ఇటూ వంకర్లు పోయింది. సోడియం సరిచేశాక అదే మనుషుల గీత చాలావరకు చక్కబడింది. నన్నడిగితే ఆ గీత వెయ్యి మాటల పెట్టు, ఎందుకంటే ఆ తూలడం వయసు వల్ల వచ్చినదైతే మందుకు తగ్గదు కదా! ధ్యాస నిలపడంలోనూ వాళ్లు మద్యం పుచ్చుకున్నవాళ్లలాగే తడబడ్డారు.

పడితే విరిగేది ఎముక. ఒంట్లోని సోడియంలో దాదాపు మూడో వంతు దాగి ఉండేది ఎముకల్లోనే. ఎలుకల్లో కొన్ని నెలలపాటు సోడియం తగ్గించి ఉంచితే, ఎముకను కరిగించే కణాలు పెచ్చుమీరి ఎముకలు గుల్లబారాయి. మనుషుల్లోనూ తక్కువ సోడియానికీ ఎముకల బలహీనతకీ సంబంధం కనిపించింది. తూలే నడక, గుల్లబారిన ఎముక ఒకే మనిషిలో కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అయితే తక్కువ సోడియం ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉండటానికి కారణం సోడియమా, దాని వెనకున్న జబ్బా అనే వాదన ఇంకా తెగలేదు.

మరి వెంటనే సెలైన్ ఎక్కించి 140కి తెచ్చేస్తే? అది ఇంకా ప్రమాదం. సరుకు ఖాళీ చేసుకున్న మెదడు కణాలు ఒక్కసారిగా ముడుచుకుపోతాయి, నరాల పైపొర దెబ్బతింటుంది. కొన్ని రోజుల తర్వాత మాట ముద్దయిపోవడం, మింగలేకపోవడం, కాళ్లూ చేతులూ చచ్చుబడటం మొదలవుతాయి. అందుకే 24 గంటల్లో 8 నుంచి 10 మిల్లీమోల్స్‌కు మించి పెంచకూడదంటారు. ఫిట్స్ వస్తుంటే మాత్రం మొదటి కొద్ది గంటల్లోనే 4 నుంచి 6 దాకా పెంచి, అక్కడ ఆగుతారు. మిగతా వైద్యమంతా కారణాన్ని బట్టే: మాత్ర మార్చడం, తాగే నీళ్లు తగ్గించడం, ఒక్కోసారి నీటిని మాత్రమే బయటికి పంపే మందు ఇవ్వడం.

కాబట్టి 128 చూడగానే డాక్టరు అడిగేది పాత రిపోర్టు. నిన్న 138 ఉండి ఇవాళ 128 అయితే ఒక దారి, ఆరు నెలలుగా 128 దగ్గరే ఉంటే ఇంకో దారి. పాత రిపోర్టు దొరక్కపోతే, చాలాకాలంగా ఇలాగే ఉందనుకుని నిదానంగానే సరిచేస్తారు.